పదివారముల బడి



గడచిన మాసమున మేము ఈ పుటలలో ఊఱగాయ జాడీలను వానకాలమున భద్రపఱచు విధమును గూర్చి వ్రాసితిమి. దానిని చదివిన సోదరి యొకరు, “మా అమ్మాయి పైచదువునకై ఇంగ్లండు పోవుచున్నది. ఆవకాయ జాడీ కట్టుచున్నాము. దానితోబాటు ఇంకేమి పంపవలెనో తెలుపుడు” అని మాకు జాబు వ్రాసిరి. ప్రత్యుత్తరము వ్రాయ గూర్చుండగా అది రెండు పంక్తులలో ముగియక, మా బంధువర్గమున జరిగిన యొక సంగతిని జ్ఞప్తికి దెచ్చినది. కావున దానిని ఈ మాసపు వ్యాసముగా అందఱి యెదుటను ఉంచుచున్నాము.

నేడు మన యిండ్లలో ఆడుపిల్ల పరదేశమునకు చదువబోవుట వింత గాదు. పాసుపోర్టు, వీసా, బ్యాంకి ఋణము, ఉన్ని దుస్తులు, చిన్న కుక్కరు, పోపులపెట్టె – ఇవన్నియు వ్రేళ్లు మడచి లెక్కించి సిద్ధము చేయుదుము. ఆ లెక్కలోనికి రానిది ఒక్కటి గలదు. అచ్చట ఆమె ఏ రీతిగా చదువవలెనో, ఏ రీతిగా వ్రాయవలెనో, గురువు నెదుట ఏ రీతిగా నోరు విప్పవలెనో యను విషయమది. “పిల్లకు ఇంగ్లీషు వచ్చును గదా” యని దానిని దాటివేయుదుము. మేమును అట్లే దాటివేసితిమి.

ముందుగా ఈ బడి యన నేమో చెప్పెదము. పరదేశపు విశ్వవిద్యాలయములలో చేరగోరువారు తమ ఇంగ్లీషు పరిజ్ఞానమునకు సాక్ష్యము చూపవలెను. అందులకు విశేషముగా వ్రాయబడుచున్న పరీక్ష ఐఇఎల్‌టిఎస్ అనునది. ఈ పేరుతో అది 1989 నుండి నడచుచున్నది. వినుట, చదువుట, వ్రాయుట, మాటాడుట యని దానికి నాలుగు భాగములు. ఒక్కొక్కదానికి 9 వరకు అంకము లిత్తురు. అర అంకము సైతము లెక్కకు వచ్చును. విశ్వవిద్యాలయములు తఱచుగా 6 మొదలు 7 వరకు అడుగును. అందు కొంచెము తక్కువైన విద్యార్థిని బొత్తిగా త్రోసివేయక, “చదువు ప్రారంభమగుటకు ముందు కొన్ని వారములు మాయొద్ద ఇంగ్లీషు అభ్యసింపుము, అందు నెగ్గితివేని లోనికి రానిత్తుము” అని చెప్పు పద్ధతి గలదు. ఇంగ్లండున దీనిని ప్రీసెషనల్ అందురు. కొఱత యెంతయో దానిని బట్టి గడువు. కొందఱికి ఆఱు వారములు, కొందఱికి పది, మఱి కొందఱికి ఇరువదియును. సాధారణముగా వేసవి సెలవులలో నడచి సెప్టెంబరు నాటికి ముగియును. దీనికి రుసుము వేఱు, బస వేఱు.

ఇట్టి బోధన నిన్న మొన్న పుట్టినది కాదు. అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయమున చార్లెస్ ఫ్రీస్ అను ఆచార్యుడు 1941లో ఆంగ్లభాషా సంస్థను స్థాపించెను. దక్షిణ అమెరికా దేశముల నుండి వచ్చినవారు దాని తొలినాటి విద్యార్థులలోనివారు. ఇంగ్లండున ఈ విద్య నేర్పు ఉపాధ్యాయులు 1972లో ఒక సంఘముగా నేర్పడిరి. ఆ సంఘమే నేడు బాలీప్ అను పేర నిలిచి, ఇట్టి పాఠక్రమములను పరీక్షించి గుర్తింపు నిచ్చుచున్నది.

ఇక మా సంగతి. మా అక్క కుమార్తె పదవ తరగతి వరకు తెలుగు బడిలో చదివి, తరువాత ఇంగ్లీషు మాధ్యమమున ఆహారపోషణ శాస్త్రమందు పట్టము పుచ్చుకొన్నది. ప్రజారోగ్య శాస్త్రమున ఎం.ఎస్‌సి. చదువవలెనని దాని కోరిక. ఉత్తర ఇంగ్లండులోని యొక విశ్వవిద్యాలయమువారు సీటు నిచ్చిరి గాని, వ్రాతలో 6.5 కోరిరి. పిల్లకు 5.5 వచ్చినది. పదివారముల బడి తప్పనిసరి యైనది. మా బావగారు పొలము పత్రములు బ్యాంకిలో నుంచి ఋణము తెచ్చిరి. 2023వ సంవత్సరము జూన్ నెలాఖరున ప్రయాణము. ఆషాఢమున కదలుట యేమని మా అత్తగారు గొణిగిరి గాని, అచ్చటి బడికి మన పంచాంగముతో పని లేదు గదా!

ఇచ్చట మా అక్క యొక పొరపాటు చేసినది. మేమును దానికి వంత పాడితిమి. “ఇంగ్లీషు నేర్చుకొనుటకు అంత దూరము పంపిరట” అని నలుగురు నవ్వుదురని జంకి, పిల్ల ఎం.ఎస్‌సి.లో చేరిపోయినదనియే చుట్టములందఱికిని చెప్పినది. ఒక మాట దాచిన యింట ఆ మాటను గూర్చిన కష్టమును గూడ దాచవలసి వచ్చును. పిల్లకు తన బాధను చెప్పుకొన దిక్కులేక పోయినది. ఫోనులో ఎవరు పలుకరించినను “చదువు బాగున్నది” అనుటయే.

నిజమునకు ఏమి జరిగినదన, తరగతిలో పదియాఱుగురు. చీనా దేశపు పిల్లలు ఎక్కువ. సౌదీ అరేబియా, థాయిలాండు, టర్కీ దేశములవారు కొందఱు. తెలుగు పిల్ల ఇది యొక్కటియే. ఉపాధ్యాయురాలు తన్ను పేరు పెట్టి పిలువుడని చెప్పినది. మనవారి బిడ్డకు పంతులమ్మను పేరు పెట్టి పిలుచుటకు నోరు వచ్చునా? “అమ్మా” అనుటకు వీలులేదు. కావున మూడు వారములు ఆమెను ఏమని పిలువకయే, చేయి యెత్తియో, దగ్గియో కాలము గడపినదట!

అచ్చట చర్చాగోష్ఠి యని యొక పాఠము. ముందుగా నొక పరిశోధనవ్యాసమును చదివికొని వచ్చి, దానిని గూర్చి అందఱును వాదింపవలెను. ఒకరు చెప్పిన దానికి అడ్డు చెప్పవలెను; చెప్పునది మర్యాదగా చెప్పవలెను; చెప్పినదానికి ఆధారము చూపవలెను. మా పిల్ల ఆ వ్యాసమును నాలుగు మాఱులు చదివి, అంచున సన్నని వ్రాత నిండ వ్రాసికొని పోయినది. పోయి నోరు మెదపలేదు. పెద్దలు పలుకుచుండగా నడుమ మాటాడరాదని, ఎదుటివారి మాట త్రోసివేయుట అవివేకమని దానికి బుద్ధి చెప్పి పెంచినవారము మేమే. ఆనాటి పత్రముపై “సిద్ధపడి రాలేదు” అని వ్రాసి యిచ్చిరి. నాలుగు మాఱులు చదివిన పిల్లకు ఆ మాట యెట్లు తగిలినదో తల్లులు ఊహింపగలరు.

అదే తరగతిలో చీనా బాలిక యొకతె ఇట్లే మౌనముగా నుండెడిది. ఇద్దఱికిని వంటయిల్లు ఒక్కటే. వారొక యుపాయము చేసిరి. అన్నము వార్చుట మేలా, వార్చకుండ ఇగిర్చుట మేలా యని ప్రతిరాత్రియు ఇంగ్లీషున వాదము. ఒకతె చెప్పుచుండగా రెండవది నడుమ అందుకొనవలెను. “అది నిజమే కావచ్చును, కాని” యని మొదలిడి కారణము చెప్పవలెను. గంజిలో పోవు సత్తువను గూర్చి మా పిల్ల తన పోషణశాస్త్రమంతయు వినియోగించినదట. నెలరోజులలో గోష్ఠియందు తొలిమాట పలికినది.

“కావచ్చును” అను మాటకు అచ్చట గొప్ప విలువ. తెలిసినంతవరకే చెప్పవలెను, తెలిసినదానిని మించి గట్టిగా చెప్పరాదు. “రక్తహీనతకు పేదఱికమే కారణము” అని వ్రాసినచో ఎఱ్ఱగీత. “ముఖ్యకారణములలో నొకటిగా తోచుచున్నది” అన్నచో మెప్పు. దీనికై వారు వేఱుగా పాఠము చెప్పుదురు. మన తెలుగున “కాబోలు” అను చిన్నమాట ఈ పనినే చేయును. మన అవ్వలు దానిని వాడని వాక్యము అరుదు.

పదముల విషయమునను ఒక మేలైన సాధనము గలదు. న్యూజిలాండు దేశపు విదుషీమణి అవెరిల్ కాక్స్‌హెడ్ 2000వ సంవత్సరమున ఒక పట్టిక ప్రకటించిరి. విద్యాగ్రంథములలో శాస్త్రభేదము లేక తఱచుగా వచ్చు 570 పదకుటుంబములు అందు గలవు. అట్టి గ్రంథములలో నూఱు పదములకు సుమారు పది యీ పట్టికలోనివే యని ఆమె లెక్క తేల్చిరి. మా పిల్ల ఆ పదములను చీటీలపై వ్రాసి వంటయింటి అలమారలకు అంటించినది. చిన్ననాడు మేము అమరకోశమును నిఘంటువుగా గాక పాటగా వల్లించిన విధము దానికి చెప్పియుంటిమి. అది యిచ్చట ఉపకరించినది.

అపకరించినదానిని ఇపుడు చెప్పవలెను.

ఆఱవ వారమున రెండువేల పదముల వ్యాసము. విషయము: పల్లెలలోని గర్భిణీస్త్రీల రక్తహీనత. పిల్ల బెదరి మాకు ఫోను చేసినది. “పిన్నీ, వాళ్లు రాసినంత బాగా నేను రాయలేను” అన్నది. మేము వెంటనే హితము చెప్పితిమి: “పెద్దలు చక్కగా చెప్పినదానిని నీవు మార్చి చెడగొట్టనేల? మంచి వాక్యములను ఏరుకొనుము. కంఠస్థము చేయుము. పూలు గుచ్చినట్లు కూర్చుము.” మేము చదువుకొన్న తీరు అదియే. మా తండ్రిగారు వీథియరుగుపై గూర్చుండబెట్టి శ్లోకము వల్లింపజేసిరి, పద్యము వల్లింపజేసిరి. తప్పులేక అప్పగించుటయే గురుభక్తి. ఆ హితము చెప్పినది పెద్దలు గాదు, లోకము గాదు. ఈ వ్యాసము వ్రాయుచున్న మేమే.

పిల్ల అట్లే చేసినది. అచ్చట వ్యాసములను కంప్యూటరులో నొక పరికరమునకు అప్పగింతురు. ముందే యెచ్చటనైన అచ్చయిన వాక్యములతో సరిపోలిన పంక్తులకు అది రంగులు పూసి చూపును. మా పిల్ల వ్యాసము హోలీనాటి చీరవలె తిరిగి వచ్చినది. ఉపాధ్యాయురాలు వచ్చి కలియుమని వ్రాసినది. ఆ జాబులో గ్రంథచౌర్యమను అర్థమిచ్చు మాట యొకటి యుండెను.

మనకు రాత్రి రెండు గంటలు, వారికి తొమ్మిదిన్నర. ఫోను మ్రోగినది. “పిన్నీ, నన్ను దొంగ అన్నారు. నేను వచ్చేస్తాను. నాన్నకు మీరే చెప్పండి” అని యేడ్చినది. బ్యాంకిలోని పొలము పత్రములు మా కన్నులకు గట్టినవి. మాకు పట్టరాని కోపము వచ్చినది. ఒక బిడ్డ పగలనక రాత్రియనక చదివి వ్రాసినదానిని దొంగతనమనుటయా? ఆ పంతులమ్మకు హృదయము లేదా? అని మండిపడితిమి.

మా వారు బడిపంతులు, తొందరపడి పలుకరు. మా మాట ముగియువఱకు విని, “ఆ వ్యాసములో పిల్ల సొంతముగా పలికిన మాట ఏది అని అడిగినచో మన మేది చూపగలము?” అని మాత్రము అడిగిరి. మేము సమాధానము చెప్పలేకపోతిమి. ఆ రాత్రి నిదుర పట్టలేదు.

తెల్లవాఱుజామున మల్లినాథసూరి జ్ఞప్తికి వచ్చెను. ఆయన మన మెదకు సీమలోని కొలిచెలమవాడు; నేడు ఆ యూరిని కొల్చారము అందురు. కాళిదాసాది కవుల కావ్యములకు ఆయన వ్యాఖ్య చదువక సంస్కృతము నేర్చినవారు అరుదు. మేమును రఘువంశమును ఆయన చేయి పట్టుకొనియే నడచితిమి. ఆధారము లేనిది వ్రాయననియు, అక్కఱకు రానిది పలుకననియు ఆయన ఆదియందే మాట యిచ్చును. ఇచ్చిన మాట చొప్పున, ఒక పదమునకు అర్థము చెప్పి, ఇది అమరుని మాట యనియు, ఇది విశ్వకోశపు మాట యనియు, ఇది యాదవుని మాట యనియు వెంటనే పేరు చెప్పును. వ్యాకరణకార్యము వచ్చినచో పాణిని సూత్రము చూపును. పరుల మాట పరులకు అప్పగించిన పిమ్మటనే తన మాట పలుకును. మేము ఆ వ్యాఖ్యను ఏండ్లతరబడి చదివితిమి, కంఠస్థము చేసితిమి, అందలి యీ న్యాయమును మాత్రము గ్రహింపమైతిమి. పిల్లకు వల్లించుట నేర్పితిమి గాని, పేరు చెప్పుట నేర్పలేదు.

మన పూర్వులు పేరు చెప్పక శ్లోకము చదివిన సందర్భములు లేకపోలేదు. ఆ సభలో అందఱికిని ఆ శ్లోకము వచ్చును. చెప్పకున్నను ఎవరిదో ఎఱుగుదురు. ఇచ్చట చదువరి అపరిచితుడు. పేరు చెప్పనిచో ఆ మాట చెప్పినవాని దనియే తలచును. భేదమంతయు ఇంతే. ఇంతమాత్రము ముందుగా చెప్పినవారు లేక ఒక బిడ్డ రాత్రి రెండు గంటలకు దొంగనని యేడ్చినది.

ఉదయము ఫోను చేసి, “తప్పు మాది తల్లీ. నీవు దొంగవు కావు. అమరుని పేరు చెప్ప మఱచిన వ్యాఖ్యాతవు. పోయి ఆమె చెప్పునది వినుము. విన్న తరువాత రాదలచినచో రమ్ము, మీ నాన్నతో మేము మాటాడెదము” అని చెప్పితిమి.

పిల్ల పోయినది. పంతులమ్మ హృదయము లేనిది కాదు. అది చిత్తుప్రతి మాత్రమే యనియు, దానికి అంకములు లేవనియు, ఇట్టి పొరపాటు తుదిపరీక్షలో గాక ఇచ్చటనే జరుగవలెనని యీ బడి యున్నదనియు చెప్పినది. పుస్తకము మూయించి, “ఈ వ్యాసకర్త యేమి చెప్పుచున్నాడో నాకు చెప్పుము” అన్నది. పిల్ల తడబడుచు, వ్యాకరణము తప్పుచు నాలుగు వాక్యములు చెప్పినది. ఆమె వానిని కాగితముపై వ్రాసి, “ఇవి నీ వాక్యములు. చివర ఆయన పేరును, సంవత్సరమును చేర్చుము” అని చేతికిచ్చినది. ఆ కాగితము నేటికిని మా పిల్లయొద్ద నున్నది.

పీఠిక వ్రాయుటకు మూడు మెట్లు చూపినది. జాన్ స్వేల్స్ అను పండితుడు 1990లో తన గ్రంథమున వివరించిన క్రమమట. ముందు పొలమంతయు చూపవలెను: ఈ విషయమున ఎవరెవరు ఏమేమి కనుగొనిరో. తరువాత అందు దున్నక మిగిలిన చెక్కను చూపవలెను: ఏది యింకను తేలలేదో. పిమ్మట ఆ చెక్కలో నేనీ పని చేయుదునని చెప్పవలెను. పిల్ల దీనిని తన తండ్రికి ఫోనులో చెప్పగా, “ఇంతేనా! సరిహద్దులు చెప్పకుండ కౌలుకాగితమైనను వ్రాయరు గదా” అన్నారట మా బావగారు.

మా పిల్ల చేసినట్టి పనికి అతుకుల వ్రాత యని రెబెకా మూర్ హోవర్డు అను అమెరికా ఆచార్యురాలు 1990 దశకమున పేరు పెట్టిరి. పాతచీరల ముక్కలు కలిపి బొంత కుట్టునట్లు పరుల వాక్యములను కలిపి కుట్టుట. ఇది నేర్చుకొనువారు దాటిపోవలసిన యొక మజిలీయే గాని మోసము గాదని ఆమె వాదము. కాని విశ్వవిద్యాలయముల నిబంధనలు అంత కనికరించవు. బడిలో దాటవలసిన మజిలీని బడిలోనే దాటవలెను.

మా వారు మఱియొక విషయము చెప్పిరి. రాబర్టు కప్లన్ అను అమెరికా పండితుడు 1966లో ఒక వ్యాసము వ్రాసి, ఇంగ్లీషువారి ఆలోచన బాణమువలె నిటారుగా పోవుననియు, తూర్పుదేశములవారిది సుడి తిరుగుననియు బొమ్మలు గీచి చూపెనట. తరువాతివారు పెక్కుమంది దానిని ఖండించిరి. ఆయనయు తరువాత తన మాటను మెత్తపఱచుకొనెను. మన పిల్లల తల సుడి తిరిగినది కాదు. న్యాయశాస్త్రమున వాక్యమునకు ఐదవయవములు: ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణము, ఉపనయము, నిగమనము. చెప్పదలచినదానిని మొట్టమొదట చెప్పుటయే ప్రతిజ్ఞ. పంతులమ్మ మొదటి పేరాలోనే నీ వాదము చెప్పుమన్నది దీనినే. ఎదుటివాని పక్షమును తీసికొని సమాధానము చెప్పుమన్నది పూర్వపక్షమునే. ఇవన్నియు మన యింట నున్నవి; అటకపై నుంచి దింపి పిల్లల కియ్యలేదు, అంతే.

ఒక్క విషయమున మాత్రము పిల్ల నిజముగా మాఱవలసి వచ్చినది. ఫాన్ షెన్ అను చీనా రచయిత 1989లో తన యనుభవమును వ్రాసెను. తన దేశమున “మేము” అని వ్రాయుట మర్యాద; అమెరికాలో ఇంగ్లీషు వ్రాయుటకు “నేను” అను క్రొత్త మనిషిని తనలో నిర్మించుకొనవలసి వచ్చినదనెను. మా పిల్లయు తొలిదినములలో ప్రతివాక్యమున “మేము” అనియే వ్రాసెడిదట. ఈ పుటలలో మేమును అట్లే వ్రాయుదుము. అది వినయమని మేము తలచితిమి. ఆ రాత్రి మొదలు, అది ఒక్కొక్కప్పుడు దాగుటకు చాటు కూడ కావచ్చునని తోచుచున్నది.

ఆ యేడు అధికశ్రావణము వచ్చి పండుగలు వెనుకపడినవి. ఆగష్టు 25వ తేదీన వరలక్ష్మీ వ్రతము. విద్యార్థుల బసలో నిప్పు వెలిగింపరాదు. పిల్ల అమ్మవారి పటము ముందు బ్యాటరీ దీపము నుంచి నమస్కరించి, తుదివ్యాసము అప్పగించి వచ్చినది. తరువాతి వారమున ఫలితము: వ్రాతలో సరిగా కావలసినంత, దానికి మించి అణుమాత్రము లేదు. లోనికి రానిచ్చిరి.

ప్రక్కగదిలోని థాయిలాండు బాలికకు వినుటలో కొఱత వచ్చినది. ఆమెకు సీటు దక్కలేదు. ఆమె తల్లిదండ్రులును ఏదియో తాకట్టు పెట్టియే పంపియుందురు. పెట్టె సర్దుకొనుచున్న పిల్లకు ఏమి చెప్పవలెనో తోచక, మా పిల్ల తన ఆవకాయ జాడీని ఆమె చేతిలో పెట్టినదట. పదివారములు నెగ్గుట అందఱికిని సాధ్యము గాదు. పంపువారు ఈ సంగతిని ముందే యెఱుగవలెను.

మా పిల్ల 2024లో పట్టము పుచ్చుకొన్నది. నేటికిని నలుగురిలో తొలిమాట పలుకుటకు గుండె దడదడలాడునని చెప్పును. అయినను పలుకుచున్నది.

ఇక జాబు వ్రాసిన సోదరికి మా మనవి. మీ అమ్మాయికి పరీక్షలో కావలసిన అంకములు వచ్చినను ఈ కథ మీది కాదనుకొనవలదు. ఐఇఎల్‌టిఎస్ వ్రాతపరీక్ష గంటసేపు. 150 పదముల దొకటి, 250 పదముల దొకటి వ్రాయింతురు. ఇతరుల గ్రంథములు చదివి, వారి పేర్లు చెప్పి, వారితో వాదించి వ్రాయుట అందు లేదు. విశ్వవిద్యాలయమున వ్రాయవలసినదంతయు అదియే. కావున ప్రయాణమునకు ముందే, ఒక మంచి వ్యాసమును చదివించి, పుస్తకము మూయించి, అందలి విషయమును సొంతమాటలలో మీకు చెప్పుమనుడు. తెలుగున చెప్పినను మేలే. “ఇది ఎవరు చెప్పిరి? నీవేమందువు?” అని రెండు ప్రశ్న లడుగుడు. భోజనమువేళ తండ్రి మాటకు అడ్డు చెప్పినచో, చెప్పిన తీరు మర్యాదగా నున్నయెడల, కసరక కారణ మడుగుడు.

పదివారముల బడి తప్పనిసరియైనచో దానిని చుట్టములయొద్ద దాచవలదు. ఋణము లెక్కించునపుడే దాని రుసుమును, బసను చేర్చుకొనుడు. ఒకవేళ నెగ్గనిచో ఏమి చేయవలెనో కూడ పిల్లతో ముందే మాటాడుడు. “చదువు బాగున్నదా” యని అడిగినచో “బాగున్నది” అనియే వచ్చును, “నేడు గోష్ఠిలో నీ వేమంటివి?” అని అడుగుడు. మఱియొకటి. డబ్బిచ్చినచో వ్యాసము వ్రాసి పెట్టుదుమని పిల్లల ఫోనులకు ప్రకటనలు వచ్చును. ఇంగ్లండున 2022 నాటి చట్టము ప్రకారము అట్టి వ్యాపారము నేరము. వ్రాయించుకొన్న పిల్లకు చదువు పోవు ప్రమాదము గలదు. బెదరిన పిల్లయే ఆ వలలో పడును. బెదరినపుడు ఏ గంటకైనను మీకు ఫోను చేయవచ్చునని చెప్పి పంపుడు.

ఆవకాయ జాడీకి మూత బిగించి, గుడ్డ చుట్టి, రెండు ప్లాస్టిక్ సంచులలో నుంచి కట్టుడు. అమ్మాయి క్షేమముగా చేరిన పిమ్మట మాకొక జాబు వ్రాయ గోరెదము. తమ బిడ్డలను ఇట్టి బడులకు పంపిన సోదరీమణులు తమ యనుభవములను తెలిపినచో, ఈ పుటలలో సంతోషముతో ప్రకటింపగలము.

మీ సోదరి